సైడ్ ప్రాజెక్టును స్టార్టప్ అని ఎప్పుడు అనొచ్చు

రిజిస్ట్రేషన్ పత్రం చేతికొచ్చిన రోజు సైడ్ ప్రాజెక్టు కంపెనీ అవుతుంది. స్టార్టప్ మాత్రం కాదు. కంపెనీ అన్నది చట్టానికి సంబంధించిన మాట: ఆస్తి ఎవరి పేరున ఉంది, అప్పు ఎవరి మీద పడుతుంది, సంతకం ఎవరు పెట్టాలి. స్టార్టప్ అన్నది ఆ పని ఎలా పెరుగుతోంది, ఎంతవరకు పెరగాలనుకుంటోంది అన్నదానికి సంబంధించిన మాట. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల రెండు వైపులా నష్టపోతారు. కొందరు పదిమంది కూడా వాడకముందే కంపెనీ పెట్టేసి, ఏటా లెక్కలు దాఖలు చేయడానికే సాయంత్రాలు ధారపోస్తారు. మరికొందరు వందలమంది డబ్బు కడుతున్నా అంతా సొంత బ్యాంకు ఖాతాలో, సొంత ఈమెయిల్ మీద నడిపేస్తారు. తీరా ఎవరో కొంటామని వచ్చాక, కోడ్ తమదేనని నిరూపించుకోలేక చిక్కుల్లో పడతారు.

నన్నడిగితే తేల్చే ప్రశ్న ఒకటే. మీరెవరో తెలియని మనిషి, మీరు పక్కన లేకుండా, మీ సరుకు వెతికి పట్టుకుని, డబ్బు కట్టి, మూడో నెలలో కూడా వాడుతున్నాడా? అతను ఏ దారిన వచ్చాడో మీకు తెలుసా? అదే దారిలో ఇంకో వందమందిని తేగలరా? దీనికి అంకెలతో జవాబు చెప్పగలిగితే మీ దగ్గర ఉన్నది స్టార్టప్. జవాబు ఇంకా తెలియదు గానీ, దానికోసమే ప్రతివారం ఏదో ఒకటి మార్చి చూస్తున్నారంటే అది కూడా స్టార్టప్ తొలి దశే. ఆ ప్రశ్నే అక్కర్లేదనుకుంటే అది ఇష్టంతో చేసే పనో, చిన్న వ్యాపారమో. అందులో తక్కువతనం ఏమీ లేదు.

కొలతలుగా చెలామణీ అయ్యేవి కొన్ని నిజానికి కొలతలు కావు. వాడేవాళ్ళ సంఖ్య అలాంటిదే. చదరంగం ఆడుకునే వెబ్‌సైటు లీచెస్ 2010లో మొదలైంది. దాన్ని లక్షలమంది వాడతారు. ప్రకటనలు లేవు, కోడ్ అంతా అందరికీ తెరిచే ఉంది, విరాళాల మీద నడిచే లాభాపేక్ష లేని సంస్థ అది. అంత పెద్దదైనా అది స్టార్టప్ కాదు, కావాలనీ అనుకోలేదు. బయటి పెట్టుబడి కూడా కొలత కాదు. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకుని పంచుకునే గిట్‌హబ్ 2007 అక్టోబరులో వారాంతపు పనిగా మొదలై 2008 ఏప్రిల్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. 2012లో 10 కోట్ల డాలర్ల పెట్టుబడి తీసుకునేదాకా చందాదారుల డబ్బుతోనే నడిచింది. ఆ నాలుగేళ్ళూ అది స్టార్టప్ కాదని ఎవరూ అనరు. రిజిస్ట్రేషన్ తేదీదీ అదే కథ. చిన్న ప్రకటనల సైటు క్రెయిగ్స్‌లిస్ట్ 1995లో స్నేహితులకు పంపే ఈమెయిల్ జాబితాగా పుట్టింది, కంపెనీగా నమోదైంది 1999లో.

ఆదాయం దగ్గర ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. డబ్బు వస్తోంది గానీ ప్రతి కస్టమరుకూ వేరే ఫీచరు రాసి ఇస్తున్నారనుకోండి. అది ఫ్రీలాన్స్ పని, నెలవారీ బిల్లు రూపంలో వస్తోందంతే. చివరగా చేరిన ఐదుగురి పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఐదుగురూ ఒకే వెర్షన్, ఒకే ధరకు, ఒకే అవసరానికి వాడుతున్నారా? లేదా ఒక్కొక్కరికీ ఒక్కో మినహాయింపు ఉందా? మూడు మినహాయింపులు కనిపిస్తే, సరుకు ఇంకా తయారవలేదని అర్థం.

ఒక ఉదాహరణ పట్టుకుని ముందుకెళ్దాం. సంగీతం, చిత్రలేఖనం నేర్పే టీచర్ల కోసం క్లాసుల హాజరు, ఫీజు లెక్కలు చూసుకునే చిన్న యాప్ ఉందనుకుందాం. ఇకపై వచ్చే అంకెలన్నీ ఈ ఊహాయాప్‌వే.

మొదట డబ్బు కట్టేవాళ్ళందరినీ ఒక షీట్‌లో రాయాలి. ఒక్కొక్కరికీ ఐదు గడులు చాలు: చేరిన తేదీ, ఎక్కడినుంచి వచ్చారు, మొదటి రోజు ఏం చేశారు, చివరిసారి ఎప్పుడు వాడారు, వెళ్ళిపోతే ఎందుకు. ఇప్పుడు స్నేహితులు, బంధువులు, తోటి ఉద్యోగులు ఉన్న వరుసలన్నీ తీసేయండి. మొహమాటానికి కట్టిన డబ్బు దేన్నీ రుజువు చేయదు. మిగిలినవాళ్ళలో సగానికి పైగా ఒకే దారిన వచ్చి ఉంటే, ఉదాహరణకు వెతుకులాటలో ఒకే ప్రశ్న టైప్ చేసి వచ్చి ఉంటే, మీ చేతికి ఏదో చిక్కినట్టే. ఒక్కొక్కరూ ఒక్కో దారిన వచ్చి ఉంటే తర్వాతివాడు ఎక్కడినుంచి వస్తాడో చెప్పలేరు. ‘ఎక్కడినుంచి వచ్చారు’ గడిని ఊహించి నింపకండి. చేరేటప్పుడే ఖాళీ గడి పెట్టి, ‘మా గురించి ఎలా తెలిసింది?’ అని అడగండి. డ్రాప్‌డౌన్ పెడితే చాలామంది మొదటి ఐచ్ఛికమే నొక్కేస్తారు.

తర్వాత, ‘వాడుతున్నారు’ అంటే ఏమిటో తేల్చుకోవాలి. లాగిన్‌ను లెక్కేసుకోకండి. మీరు పంపిన రిమైండర్ నొక్కి లోపలికొచ్చి, ఒక్క చూపు చూసి పోయినవాడూ లాగిన్ అయినవాడే కదా. మన యాప్‌కైతే అసలు పని హాజరు వేయడం. కాబట్టి నెలలో కనీసం 4 క్లాసుల హాజరు వేసిన టీచరే వాడుతున్నట్టు. ఈ నిర్వచనాన్ని ఒకసారి రాసుకున్నాక మధ్యలో మార్చకండి. మారిస్తే పాత నెలలన్నీ మళ్ళీ లెక్కకట్టాలి.

ఇప్పుడు కోహార్ట్ పట్టిక. పేరు చూసి భయపడక్కర్లేదు. ఒక నెలలో చేరినవాళ్ళను ఒక గుంపుగా తీసుకుని, ఆ గుంపులో తర్వాతి నెలల్లో ఎంతమంది మిగిలారో చూడటమే. జనవరిలో 40 మంది చేరారు. వాళ్ళలో ఫిబ్రవరికి 26 మంది మిగిలారు, మార్చికి 21, ఏప్రిల్‌కు 20, మేకు కూడా 20. ఇది ఒక రకం. రెండో రకంలో అదే 40 మంది ఫిబ్రవరికి 22, మార్చికి 12, ఏప్రిల్‌కు 6, మేకు 3 అయ్యారు.

రెండు యాప్‌లలోనూ ప్రతినెలా 40 మంది కొత్తవాళ్ళు చేరుతూ, ప్రతి గుంపూ ఇలాగే నడిచిందనుకోండి. మొదటిదాంట్లో మొత్తం వాడేవాళ్ళు నెలనెలా 40, 66, 87, 107, 127. రెండోదాంట్లో 40, 62, 74, 80, 83. మొదటి మూడు నెలల గ్రాఫ్ చూసి ఈ రెంటికీ పెద్ద తేడా ఉందని ఎవరు చెప్పగలరు? రెండూ పైకే పోతున్నాయి. మొదటిది మాత్రం నిలబడే జనాన్ని నెలకు 20 మంది చొప్పున పోగేసుకుంటోంది. రెండోది చిల్లుకుండ. కొత్తగా చేరే 40 మందీ పాతవాళ్ళు ఖాళీచేసిన చోటు నింపడానికే సరిపోతున్నారు, అందుకే 83 దగ్గర దాదాపు ఆగిపోయింది. మొత్తం సంఖ్య చూసి ఉద్యోగం మానేసేవాళ్ళు ఎక్కువగా ఈ రెండో రకం యాప్ యజమానులే. అందుకే దీని గురించి ఇంతసేపు చెబుతున్నాను. ఒక గుంపులో మిగిలినవాళ్ళ గీత కిందికి దిగి ఎక్కడో ఒకచోట చదునవాలి. ఎంత ఎత్తున చదునైందన్నది తర్వాతి సంగతి, ముందు చదునవాలి.

ఈ పట్టిక కూడా తప్పుదారి పట్టించే సందర్భాలున్నాయి. వార్షిక చందా తీసుకున్నవాళ్ళు పన్నెండో నెలదాకా ‘ఉన్నట్టే’ కనిపిస్తారు, వాడటం రెండో నెలలోనే మానేసినా సరే. కాబట్టి చెల్లింపును కాకుండా వాడకాన్ని కొలవండి. ఉచితంగా వాడేవాళ్ళనూ డబ్బు కట్టేవాళ్ళనూ ఒకే గుంపులో కలపకండి. ఇక టీచర్లకు సెలవులుంటాయి. సెలవుల నెలలో అందరూ పడిపోయి, మళ్ళీ వస్తారు. అలాంటి రంగమైతే కనీసం ఒక పూర్తి విడత గడిచేదాకా తీర్పు చెప్పకూడదు.

దీనికి తోడుగా ఒక చిన్న సర్వే ఉంది, స్టార్టప్‌ల మార్కెటింగ్ నిపుణుడు షాన్ ఎల్లిస్ ప్రచారంలోకి తెచ్చినది. ‘ఈ యాప్ రేపటినుంచి ఉండదంటే మీకెలా ఉంటుంది?’ అని అడిగి మూడు జవాబులు పెడతారు: చాలా నిరాశపడతాను, కొంచెం నిరాశపడతాను, పెద్దగా పట్టింపు లేదు. 40 శాతానికి పైగా మొదటి జవాబు ఇస్తే సరుకు జనానికి నప్పినట్టు. ఈమధ్య రెండు వారాల్లో కనీసం రెండుసార్లు వాడినవాళ్ళనే అడగాలి. పదిమందిని అడిగి శాతాలు తీయడంలో అర్థం లేదు, ఒక్కడు మనసు మార్చుకుంటే పది శాతం మారిపోతుంది. నలభై జవాబులైనా రానివ్వండి. అంతకంటే విలువైనది సర్వే కింద పెట్టే ఖాళీ గడి: ‘దీని బదులు ఏం వాడతారు?’ ఎక్కువమంది ‘నోటుపుస్తకం’ అని రాస్తే మీ అసలు పోటీదారు ఎవరో తెలుస్తుంది.

ఇక డబ్బు లెక్క. సైడ్ ప్రాజెక్టుల్లో దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది, తమ శ్రమకు సున్నా వేసుకోవడం. ఒక టీచరు నెలకు 100 కడుతున్నారు. పేమెంట్ గేట్‌వే 3, సర్వరు 7, ఎస్ఎంఎస్‌లు 15 పోగా 75 మిగులుతుంది. నెలకు 5 శాతం మంది వెళ్ళిపోతుంటే ఒక్కొక్కరూ సగటున 20 నెలలు ఉంటారు (1ని 0.05తో భాగించాలి). 75 చొప్పున 20 నెలలకు 1,500. ఒక కస్టమరును తేవడానికి 300 ఖర్చయితే నాలుగు నెలల్లో తిరిగొస్తుంది. ఎంత బాగుంది! కానీ ప్రతి టీచరుకూ నెలకు 20 నిమిషాలు మీరే కూర్చుని సందేహాలు తీరుస్తున్నారు. ఆ పని చేసే మనిషికి గంటకు 150 ఇవ్వాలనుకుంటే 50 అక్కడే పోయింది. మిగిలేది 25. ఇరవై నెలలకు 500. పెట్టిన 300 తిరిగి రావడానికి పన్నెండు నెలలు. యాప్ అదే, కస్టమర్లూ అదే, మీ సమయాన్ని లెక్కలో చేర్చడంతో బొమ్మంతా మారిపోయింది. ఒక కస్టమరు నుంచి మొత్తంగా మిగిలేది, అతన్ని తేవడానికైన ఖర్చుకు కనీసం మూడు రెట్లుండాలన్నది వాడుకలో ఉన్న కొలత. మొదటి లెక్కలో ఐదు రెట్లు, రెండో లెక్కలో రెండు రెట్లు కూడా లేదు.

సమయానిదీ ఇదే గొడవ. ఉద్యోగం చేసుకుంటూ రోజుకు రెండు గంటల చొప్పున నెలకు 22 రోజులు కేటాయిస్తే 44 గంటలు. మనిషికి 20 నిమిషాలంటే 132 మంది దగ్గర మీ సమయం అయిపోతుంది, కొత్త కోడ్ ఒక్క గీత రాయకుండానే. అందుకని చేత్తో చేసే పని తప్పని కాదు. ఇళ్ళను కొద్దిరోజుల అద్దెకిప్పించే ఎయిర్‌బిఎన్‌బి వ్యవస్థాపకులు 2009లో న్యూయార్క్‌లో ఇళ్ళకు వెళ్ళి తామే ఫొటోలు తీశారు. ఫలితం కనిపించాక ఆ పనికి ఫొటోగ్రాఫర్లను పెట్టుకున్నారు. మొదట్లో చేత్తో చేయడం వల్ల ఏది ముఖ్యమో తెలుస్తుంది. మీరు గమనించాల్సింది ఒక్కొక్కరి మీద పెడుతున్న నిమిషాలు నెలనెలా తగ్గుతున్నాయా అన్నది. వచ్చిన ప్రతి సందేహానికీ ఒక ముద్ర వేయండి: పాస్‌వర్డు, ఫీజు తేడా, విద్యార్థి పేరు రెండుసార్లు పడింది, ఇలా. నెలాఖరుకు ఎక్కువ నిమిషాలు తిన్న కారణం ఏదో తీసి, దానికి సమాధానం చెప్పడం మానేసి, అది రాకుండా స్క్రీన్ మార్చండి.

పెరుగుదల గురించి, తొలి దశ స్టార్టప్‌లకు పెట్టుబడి పెట్టే వై కాంబినేటర్ చెప్పే కొలత బాగా ప్రచారంలో ఉంది. వారానికి 5 నుంచి 7 శాతం పెరిగితే బాగున్నట్టు, 10 శాతమైతే అసాధారణం, 1 శాతం దగ్గరే ఉంటే ఇంకా దారి దొరకనట్టు. ఏడాదికి లెక్కేస్తే ఆ చిన్న తేడా ఎంతవుతుందో చూడండి. వారానికి 1 శాతం చొప్పున 52 వారాలకు 1.7 రెట్లు, 5 శాతానికి దాదాపు 12.6 రెట్లు, 7 శాతానికి 33 రెట్లు దాటుతుంది. అయితే పదిమంది పదకొండు కావడం కూడా 10 శాతమే. వందమంది దాటేదాకా శాతాలు పక్కనపెట్టి మనుషుల్ని లెక్కపెట్టడమే నయం. ప్రకటనల మీద డబ్బు కుమ్మరించి తెచ్చిన వారాన్ని విడిగా గుర్తు పెట్టుకోండి. అది ఆపిన మరుసటి వారం ఎంత వచ్చిందన్నదే మీ నిజమైన వేగం.

పైవన్నీ బాగున్నా, ఆస్తి ఎవరిదో తేలకపోతే స్టార్టప్ గాల్లో ఉన్నట్టే. ఉద్యోగం చేస్తూ రాసిన కోడ్ అయితే ముందు మీ ఉద్యోగ ఒప్పందం తీసి, ఆవిష్కరణల హక్కులు ఎవరికి చెందుతాయన్న క్లాజు చదవండి. మూడు విషయాలు చూడాలి: ఎవరి సమయంలో రాశారు, ఎవరి యంత్రం మీద రాశారు, అది యజమాని వ్యాపారానికి దగ్గరగా ఉందా. చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. కొన్ని ఒప్పందాలైతే సెలవురోజు సొంత ల్యాప్‌టాప్‌లో రాసినదాన్ని కూడా కలిపేసుకుంటాయి. ఆపిల్ వ్యవస్థాపకుల్లో ఒకరైన స్టీవ్ వాజ్నియాక్ హ్యూలెట్ ప్యాకర్డ్‌లో ఉద్యోగం చేస్తూనే, ఆపిల్ 1గా మారిన కంప్యూటరును రూపొందించాడు. దాన్ని ముందు తన కంపెనీకే చూపించాడు. వాళ్ళు వద్దన్నారు. 1976 ఏప్రిల్ 1న ఆపిల్ మొదలైంది. అలా అడగనప్పుడు ఏమవుతుందో బ్రాట్జ్ బొమ్మల గొడవలో చూడొచ్చు. డిజైనర్ తమ ఉద్యోగిగా ఉన్నప్పుడే వాటిని గీశాడని బొమ్మల కంపెనీ మ్యాటెల్ 2004లో కోర్టుకెక్కింది. 2008లో జ్యూరీ మ్యాటెల్ వైపు తీర్పిచ్చింది, 2010లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది, 2011లో రెండో జ్యూరీ బొమ్మలు అమ్మిన ఎమ్‌జిఎ వైపు నిలిచింది. అన్నేళ్ళు కోర్టు ఖర్చు భరించే శక్తి సైడ్ ప్రాజెక్టుకు ఎక్కడుంటుంది? ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఒక్క కమిట్ (కోడ్ మార్పును నమోదు చేయడం) కూడా చేయకండి, ఆఫీసు ఈమెయిల్‌తో ఏ ఖాతా తెరవకండి, దగ్గర రంగమైతే లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోండి.

డబ్బిచ్చి బయటివాళ్ళతో చేయించుకున్న లోగో, కోడ్ కూడా తనంతట మీదైపోదు. హక్కులు బదిలీ చేస్తున్నట్టు రాసి ఉంటే తప్ప చాలా దేశాల్లో కాపీరైటు చేసినవాళ్ళ దగ్గరే ఉంటుంది. ఇన్వాయిస్ చాలదు, సంతకం చేసిన ఒక పేజీ బదిలీ పత్రం కావాలి. పని జరుగుతున్నప్పుడు అడిగితే ఐదు నిమిషాల్లో ఇస్తారు, రెండేళ్ళ తర్వాత మనిషిని వెతకడమే పెద్ద పని. వాడిన ఓపెన్ సోర్స్ లైబ్రరీల (ఇతరులు రాసి అందరికీ తెరిచిపెట్టిన కోడ్) లైసెన్సులు కూడా ఒకసారి జాబితా తీయండి. ఎమ్ఐటి, అపాచీ 2.0 లైసెన్సులైతే షరతుల పాఠం జతచేస్తే సాధారణంగా సరిపోతుంది. జిపిఎల్ అయితే ప్రోగ్రామును పంచినప్పుడు సోర్సు (మూల కోడ్) కూడా ఇవ్వాలి. ఎజిపిఎల్ ఇంకో అడుగు ముందుకేసి, దాన్ని మార్చి నెట్‌వర్కు మీద సేవగా నడిపినా సోర్సు ఇవ్వాలంటుంది. సర్వరులోనే ఉంది కదా అనుకుని దీన్ని వదిలేసేవాళ్ళు చాలామంది. ‘వాణిజ్యేతర వాడకానికి మాత్రమే’ అన్న ఫాంట్లు, డేటాసెట్లు మొదటి చెల్లింపు వచ్చిన రోజే సమస్య అవుతాయి.

మరి కంపెనీ ఎప్పుడు పెట్టాలి? ఈ కిందివాటిలో ఏది ముందు జరిగితే అప్పుడు: తెలియనివాళ్ళ దగ్గర క్రమం తప్పకుండా డబ్బు వస్తోంది, ఇతరుల వ్యక్తిగత వివరాలు మీ దగ్గర నిల్వ ఉంటున్నాయి, కోడ్‌లో రెండో మనిషి చేయి పడింది, ఎవరితోనో ఒప్పందం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. అంతకుముందు పెట్టడం తొందరపాటు, ఆ తర్వాత పెట్టడం ప్రమాదం. పెట్టిన వారంలోనే డొమైన్, కోడ్ రిపాజిటరీ (కోడ్ దాచే చోటు), పేమెంట్ ఖాతా, సర్వరు ఖాతా కంపెనీ పేరుకు మార్చి, ఇంతవరకు రాసిన కోడ్ హక్కులు కంపెనీకి బదిలీ చేస్తూ మీరూ సంతకం పెట్టండి. ఇది మరిచిపోయిన కంపెనీ ఖాళీ డబ్బా, యాప్ ఇంకా మీ వ్యక్తిగత ఆస్తే. యాప్ స్టోరు ఖాతాకు ముందుగా సమయం పెట్టుకోండి. ఆపిల్ దగ్గర సంస్థ పేరున ఖాతా తెరవాలంటే సంస్థలను గుర్తించే డి-యు-ఎన్-ఎస్ నంబరు అడుగుతారు.

ఇద్దరు కలిసి చేస్తుంటే వాటాలు ఒకేసారి పంచుకోకండి. మామూలుగా నాలుగేళ్ళ వెస్టింగ్ (వాటా కొద్దికొద్దిగా దక్కే కాలం), ఏడాది క్లిఫ్ (అంతవరకు ఏమీ దక్కని గడువు) పెడతారు. పన్నెండు నెలల లోపు వెళ్ళిపోతే ఏమీ రాదు, పన్నెండో నెలకు నాలుగో వంతు, ఆపైన నెలకు నలభై ఎనిమిదో వంతు. ఉద్యోగం మానేది ఎవరు, ఎప్పుడు అన్నది కూడా అదే కాగితంలో రాసుకోవాలి. స్నేహం చెడేది ఎక్కువగా ఇది రాయకపోవడం వల్లే.

అన్నీ చూసుకున్నాక రెండు వారాలు యాప్‌ను ముట్టుకోకుండా ఉండండి. సర్వరు పడిపోతే లేపండి, అంతే. ఆ రెండు వారాల్లో కొత్తవాళ్ళు ఎంతమంది చేరారు, డబ్బు ఎంత జమైంది, జవాబు రాక ఎంతమంది వెళ్ళిపోయారు అన్నవి రాసి పెట్టుకోండి. జనం చేరుతూనే ఉంటే మీ శ్రమతో సంబంధం లేకుండా అది నడుస్తోంది, పెంచడానికి పూర్తికాలం పెట్టొచ్చు. చేరడం ఆగిపోయి పాతవాళ్ళు మాత్రం నిలిచి ఉంటే మంచి చిన్న వ్యాపారం మీ చేతిలో ఉంది. ధర పెంచి, కస్టమర్ల సంఖ్యకు ఒక హద్దు పెట్టుకుని, ఉద్యోగంతో పాటే నడుపుకోవచ్చు. పాతవాళ్ళూ జారిపోతుంటే సరుకును మార్చాలి, లేదా మూసేయాలి. మూసేటప్పుడు కనీసం 90 రోజుల గడువివ్వండి. కొత్త చందాలు మొదటిరోజే ఆపండి, వార్షిక చందా కట్టినవాళ్ళకు మిగిలిన నెలల డబ్బు తిరిగి ఇవ్వండి. టీచర్లు తమ హాజరు, ఫీజు లెక్కలన్నీ సిఎస్‌వి ఫైలుగా దించుకునే బటన్ పనిచేస్తోందో లేదో చూసుకున్నాకే మూసే తేదీ ప్రకటించండి.